రంగం నుంచి మోసుకొచ్చిన పుస్తకం

మా ఇంట్లో రెండో ప్రపంచ యుద్ధం ఏటా సంక్రాంతికి జరిగేది. కనుమ నాటి రాత్రి భోజనాలయ్యాక తాతయ్య వసారాలో మడత కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. పిల్లలం చాప పరుచుకునేవాళ్ళం. "రంగం కథ చెప్పండి తాతయ్యా" అని ఎవరో ఒకరు అడగాలి. ఎవరూ అడక్కపోతే ఆయనే రెండుసార్లు దగ్గేవారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. రంగూన్ అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. మా వైపు తీరం ఊళ్ళలో ఆ తరం వాళ్ళందరికీ అది రంగమే.

కథ ఎప్పుడూ ఒకే చోట మొదలయ్యేది. 1941 డిసెంబరు 23, పొద్దున. పదకొండేళ్ళ కుర్రవాడు డాబా ఎక్కి చూస్తే ఆకాశంలో విమానాలు. "నెత్తళ్ళ గుంపులా మెరిశాయిరా" అనేవారు. అవి ఎవరివో తెలియక ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చి తలలెత్తి చూస్తోంది. దాక్కోవాలని ఎవరికీ తోచలేదు. బాంబులు పడ్డాక ఏం చూశారో ఆయన ఎప్పుడూ రెండు మాటల్లో దాటేసేవారు. తీరిగ్గా చెప్పింది నడక గురించే. ప్రోమ్ చేరడం, ఇరావతి దాటడం, అరకాన్ కొండలెక్కడం, టౌంగుప్ దగ్గర మళ్ళీ సముద్రం కనిపించడం, పడవలో అక్యాబ్, అక్కడినుంచి చిట్టగాంగ్, రైల్లో కలకత్తా, ఆఖరికి వాల్తేరు స్టేషను. దారి పొడవునా కలరా. తాగే నీళ్ళకు కరువు. మా తాతమ్మ ఇత్తడి బిందెలను కొండవాలున ఒక్కొక్కటిగా వదిలేసుకుంటూ వచ్చిందట. ఏ మలుపులో ఏ బిందె వదిలిందో మాకు ఎక్కాల పట్టీలా కంఠతా వచ్చు.

ఇల్లు చేరి కొన్ని వారాలైనా కాలేదు, ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా బాంబులు వేశాయి. "మా వెనకే వచ్చేశాయిరా, చిరునామా కనుక్కుని" అని తాతయ్య నవ్వేవారు. అక్కడితో కథ సమాప్తం. అందరం లేచి చాప దులుపుకునేవాళ్ళం.

ఈ వేసవిలో అమితావ్ ఘోష్ నవల 'ద గ్లాస్ ప్యాలెస్' చదివాను. 2000లో వచ్చిన పుస్తకం. ఇన్నేళ్ళూ ఎందుకు ముట్టుకోలేదంటే కొంత బద్ధకం, ఎక్కువ పొగరు. రంగం నడక మా ఇంటి కథ, దాని గురించి బయటివాళ్ళు మాకు చెప్పేదేముంది అనుకునేవాణ్ణి. ఐదు వందల పైచిలుకు పేజీలు పూర్తయ్యాక తాతయ్య కథ నాకు మునుపటిలా వినపడడం మానేసింది. ఎందుకో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఫిరంగి మోత

ఈ నవలను చాలామంది రాజవంశం కథగానో, ప్రేమకథగానో చెబుతారు. నాకు ఇది మొదటి పేజీ నుంచీ యుద్ధ నవలే. 1885లో, అప్పటి బర్మా రాజధాని మాండలేలోని ఒక పూటకూళ్ళ దుకాణంలో మొదలవుతుంది. ఎక్కడో దూరంగా ఒక మోత. అది ఏమిటో అక్కడున్న వాళ్ళలో ఒక్కరికే తెలుసు, రాజ్‌కుమార్ అనే పదకొండేళ్ళ అనాథకు. ఇంగ్లీషువాళ్ళ ఫిరంగి అది. నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. తాతయ్య కథ కూడా పదకొండేళ్ళ కుర్రవాడు మోత వినడంతోనే మొదలవుతుంది. రెండు మోతల మధ్య దూరం యాభై ఆరేళ్ళు.

ఆ యాభై ఆరేళ్ళలోనే ఉంది అసలు కథంతా. మాండలేలోకి కవాతు చేస్తూ వచ్చిన ఇంగ్లీషు సేనలో ఎక్కువమంది మన సిపాయిలే. అది చూసిన జనం ఆ కోపాన్ని దగ్గరలో దొరికిన భారతీయుడి మీద, అంటే ఆ కుర్రవాడి మీద చూపిస్తారు. సయా జాన్ అనే ఆయన అడ్డుపడి కాపాడతాడు. బర్మా ఆఖరి రాజు తీబాను, రాణి సుపయాలత్‌ను రత్నగిరికి పంపేస్తారు. రాణి పరిచారిక డాలీని ఒక్కసారి చూసిన రాజ్‌కుమార్ ఆమెను మరిచిపోడు. టేకు కలపలో పైకొస్తాడు. అయితే టేకు కొనడానికి పెట్టుబడి ఎక్కడినుంచి వచ్చింది? ఇండియా నుంచి మనుషులను పోగుచేసి, ఓడలెక్కించి, బర్మాలో చమురు బావుల దగ్గరికి కూలికి తరలించి.

రాజ్‌కుమార్ రాక్షసుడేమీ కాదు. భార్యను ప్రేమిస్తాడు, ఆపదలో ఆదుకున్నవాణ్ణి మరవడు, కష్టపడతాడు. అందువల్లే ఆ కూలీల వ్యాపారం చదువుతున్నప్పుడు గబగబా దాటేశాను. కుర్రవాడు పైకొస్తున్నాడు, మనకూ సంతోషమే. ఆ సంతోషాన్ని రచయిత నాలుగు వందల పేజీల పాటు అప్పుగా ఇచ్చి, యుద్ధం వచ్చాక వడ్డీతో సహా వసూలు చేసుకుంటాడు. రంగూన్ మీద బాంబులు పడిన రోజున కలప అడితిలో రాజ్‌కుమార్ పెద్దకొడుకు నీల్ చనిపోతాడు. ఆస్తంతా పోతుంది. ముసలి దంపతులు, కోడలు మంజు, చంటిపిల్ల నడక మొదలుపెడతారు. నది దాటుతుండగా మంజు పిల్లను డాలీ చేతిలో పెట్టి తెప్ప మీదినుంచి నీళ్ళలోకి జారిపోతుంది.

ఆ పేజీ దగ్గర నాకు ఏడుపొచ్చింది. వెంటనే, ఇది కొంచెం సిగ్గుపడుతూ ఒప్పుకోవాలి, ఒక గర్వం కూడా వచ్చింది. చూశారా, మేం పడ్డ కష్టం ఇదీ అని. ఆ రాత్రి నిద్ర పట్టక, ఆ "మేం" ఎవరు అని ఆలోచించాను.

బండి ఎవరిది?

తాతయ్య కథలో ఒక బండి ఉంది. వేల సార్లు విన్నా నేను పట్టించుకోని బండి. "ప్రోమ్ దాకా మాకు ఎడ్లబండి ఉండేదిరా, కొండల దగ్గరే దిగి నడిచాం." రంగూన్ నుంచి ప్రోమ్ దాదాపు మూడు వందల కిలోమీటర్లు. ఊరు ఊరంతా పారిపోతున్న రోజుల్లో బండి దొరకడానికి ఎంత డబ్బు చేతిలో ఉండాలి?

ఇంకోటి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది, రిక్షాలు లాగింది చాలావరకు మనవాళ్ళు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ వాళ్ళను కోరంగీలనేవారు. వాళ్ళలో అత్యధికులు ఒంటరి మగవాళ్ళు. పెళ్ళాం పిల్లలను ఊళ్ళోనే వదిలి, డెక్కు మీద పడుకుని సముద్రం దాటి, ఒక్కో గదిలో పది పన్నెండు మంది సర్దుకుని, రెండు మూడేళ్ళకు తిరిగొచ్చేవాళ్ళు. భార్యనూ పిల్లలనూ తీసుకెళ్ళి అక్కడ కాపురం పెట్టగలిగింది కొద్దిమందే. మా ముత్తాత పెట్టారు. తాతయ్య ఎక్కి విమానాలు చూసిన డాబా ఎవరిదో కాదు, వాళ్ళదే.

ముత్తాత అక్కడ ఏం చేసేవారని చిన్నప్పుడు అడిగితే "మేస్త్రీ" అనేవారు. మా ఊళ్ళో మేస్త్రీ అంటే తాపీ పట్టుకుని గోడ కట్టే మనిషి. రంగంలో ఇళ్ళు కట్టేవారు కాబోలు అనుకుని, ఇంజనీరింగు చదివే రోజుల్లో స్నేహితుల దగ్గర చెప్పుకుని మురిసిపోయాను కూడా. మనుషులను తెచ్చేవాణ్ణి కూడా మేస్త్రీ అంటారని, రంగంలో ఆ మాటకు అదే అసలు అర్థమని ఈ వేసవిదాకా నాకు తెలియదు.

మేస్త్రీ ఊరికొస్తాడు. చేతి నిండా ఉంగరాలు, సిల్కు లుంగీ. కరువు చూసి, అప్పులు చూసి, ఆడపిల్ల పెళ్ళి చూసి బయానా ఇస్తాడు. ఓడ టికెట్టు తనే కొంటాడు. అక్కడ కంపెనీ కూలి డబ్బు కూలివాడి చేతికి ఇవ్వదు. కాంట్రాక్టరుకు ఇస్తుంది, అతను పెద్ద మేస్త్రీకి, పెద్ద మేస్త్రీ చిన్న మేస్త్రీకి. ఒక్కో మెట్టు దగ్గర కొంత రాలిపోతుంది. ఆఖరి మెట్టు దగ్గర టికెట్టు బాకీ, బియ్యం బాకీ, గది అద్దె పోగా మిగిలింది కూలివాడిది. గొలుసులు లేవు, కొరడాలు లేవు. లెక్కల పుస్తకం చాలు.

యుద్ధం గురించిన కథ బాంబు దగ్గర మొదలైతే అందులో అందరూ బాధితులే అవుతారు. బాంబుకు మేస్త్రీ, కూలీ తేడా ఏముంది? అదే కథ ఓడ దగ్గర మొదలుపెట్టండి. బండెక్కినవాడెవడో, బండి వెనక నడిచినవాడెవడో, బండి బయలుదేరాక కూడా రేవులో ఉండిపోయినవాడెవడో విడివిడిగా కనిపిస్తారు. నా లెక్కలో ఈ నవల గొప్పదనం అక్కడుంది. ఏడిపించడం చాలా నవలలకు తెలుసు. ఇది ఏడిపించడానికి ముందు, ఏడవబోయే మనిషి పొలం ఎలా కొన్నాడో చూపించి పెట్టింది.

బర్మా వలస గురించి చదివినవాళ్ళకు "తెల్లదారి, నల్లదారి" గొడవ గుర్తుండే ఉంటుంది. తామూ మీదుగా మణిపూర్ వైపు వచ్చే దారుల్లో తెల్లవాళ్ళకు, ఆంగ్లో ఇండియన్లకు ఒక దారి, మంచి వసతులు. మిగతావాళ్ళకు ఇంకో దారి. దాని మీద అప్పట్లో దేశమంతా మండిపడింది, న్యాయమే. తాతయ్య వచ్చింది ఆ వైపు కాకపోయినా, ఆ గొడవను కూడా తన కథలో కలిపేసుకునేవారు. నల్లదారిలో కూడా బండి ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు ఉండేవారని మాత్రం మా సంక్రాంతి కథలో ఒక్కసారీ రాలేదు.

అత్తయ్య మాట

ఇదంతా మా అత్తయ్యతో చెప్పాను. తాతయ్య ఆఖరి రోజుల్లో ఆయన్ను చూసుకున్నది ఆవిడే. బియ్యం ఏరుతూ అంతా విన్నది. తర్వాత చేట పక్కన పెట్టి, "మీ తాత అప్పటికి పదకొండేళ్ళ పిల్లాడురా. కొండ మీద రాత్రిళ్ళు శవాలను దాటుకుంటూ నడిచాడు. పోయేదాకా చీకట్లో పడుకోలేకపోయాడు. ఆయన దగ్గర నువ్వు లెక్క అడుగుతావా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. తాతయ్య గదిలో రాత్రంతా చిన్న దీపం వెలుగుతుండేదన్నది నిజం. కరెంటు పోతే టార్చిలైటు దిండు కింద ఉండేది. మేమది ముసలితనం అనుకున్నాం.

అత్తయ్య వేసిన రెండో ప్రశ్న ఇంకా గట్టిది. "అంటే ఏమిటి, మనవాళ్ళకు తగిన శాస్తి జరిగిందంటావా?" చాలా రోజులు ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే అక్కడివాళ్ళు సరిగ్గా అదే అన్నారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. రాజీ కుదిరి పాతవాళ్ళు తిరిగి పనిలోకి రాగానే, పొట్టచేత పట్టుకుని వచ్చిన బర్మావాళ్ళను పొమ్మన్నారు. ఆ రోజు మొదలైన కొట్లాట రేవు దాటి నగరమంతా పాకింది. వంద మందికి పైగా చచ్చిపోయారు, వందల మంది గాయపడ్డారు. నవలలో డాలీ స్నేహితురాలు ఉమ ఆ అల్లర్ల మధ్య చిక్కుకుంటుంది. ఆ గొడవలో కత్తికి ఎరైనవాడు మా ముత్తాతలాంటి మేస్త్రీ కాదు, బస్తాలు మోసినవాడే. భారతీయులను పిలవడానికి అక్కడ వాడిన "కలా" అన్న మాటనే తర్వాతి కాలంలో రోహింగ్యాల మీదా విసిరారు. 1960లలో బర్మా సైనికాధినేత నేవిన్ ప్రభుత్వం దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేసి మూడు లక్షల మందిని ఖాళీ చేతులతో పంపినప్పుడూ సాకు ఇదే, వీళ్ళు మన సొమ్ము తిన్నారు అని. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు ఆ రోజులదే. అక్కడ దిగినవాళ్ళలో ఎంతమంది ఎవరి సొమ్ము తిన్నారో ఎవరైనా అడిగారా?

అందుకని శరణార్థి దగ్గర పాత లెక్కలు తీయడం ప్రమాదకరమైన పనే. ఎవరు తీస్తున్నారన్నదాన్ని బట్టి అదే లెక్క కత్తి కూడా అవుతుంది. దీన్ని నేను పూర్తిగా తేల్చుకోలేకపోయాను. నవల దీన్ని ఎలా పట్టుకుందో మాత్రం చెప్పగలను. రాజ్‌కుమార్‌ని నిలదీసేది బర్మా జాతీయవాది కాదు. ఇంటి మనిషిలాంటి ఉమ. మనుషులను తెచ్చి అమ్ముకున్నవాడివి, నీకూ తెల్లవాడికీ తేడా ఏమిటని మొహం మీదే అడుగుతుంది. మేం లేకపోతే ఈ నగరమెక్కడిది అన్నట్టు మాట్లాడతాడు ఆయన. ఆ జవాబు వినగానే నాకు మా పెదనాన్న గుర్తొచ్చారు. అమెరికా గురించి, అక్కడి మన సాఫ్ట్‌వేర్ పిల్లల గురించి ఆయన ఇదే మాట ఇదే గొంతుతో అంటారు. ఉమ అడిగినంత మాత్రాన బాంబు న్యాయమైపోదు. నీల్ చావు రాజ్‌కుమార్‌కు శిక్ష అని రచయిత ఒక్క వాక్యంలోనూ అనడు. రెండూ జరిగాయంటాడు, అంతే.

అత్తయ్యతో ఇదే చెబితే, "నీ నవలాయన తెలివైనవాడే, ఎటూ తేల్చలేదన్నమాట" అని మళ్ళీ చేట అందుకుంది.

నవల కూడా చేయని పని

నవల మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పాలి. ఆఖరి భాగం పరుగులు పెడుతుంది. యాదృచ్ఛికంగా కలుసుకునేవాళ్ళు ఎక్కువ. మూడు దేశాలు, మూడు తరాలు, ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుపెట్టుకోవడానికి నేను పుస్తకం వెనక అట్ట మీద వంశవృక్షం గీసుకోవాల్సి వచ్చింది. ఇవి చిన్నవి.

పెద్ద ఫిర్యాదు వేరే. కూలీల గురించి ఇంత ఎరుక ఉన్న నవలలోనూ నడకను మనం మంజు కళ్ళతోనే చూస్తాం. రాజ్‌కుమార్ తెచ్చిన మనుషుల్లో ఒక్కడు ఆ కొండల్లో ఎలా నడిచాడో, అసలు నడిచాడో లేదో తెలియదు. ఓడ డెక్కు మీద గుంపుగా కనిపించినవాళ్ళు గుంపుగానే మాయమవుతారు. ఉన్నవాడు అన్నీ పోగొట్టుకుంటే అది కథ. ఏమీ లేనివాడు పోగొట్టుకోవడానికి ఏముంది, ప్రాణం తప్ప? దాన్ని ఐదు వందల పేజీలు సాగదీయడం కష్టమని రచయితలు అనుకుంటారేమో.

దీనికి ఎదురు చెప్పే ఘట్టం కూడా నవలలోనే ఉంది. నాకు అన్నిటికన్నా లోతుగా దిగినదీ అదే. మంజు కవల సోదరుడు అర్జున్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఆఫీసరు. మలయాలో ఓడిపోయాక, తనది కాని యుద్ధం ఎందుకు చేస్తున్నానన్న ప్రశ్న పడి, ఆజాద్ హింద్ ఫౌజు వైపు వెళతాడు. అతని బంట్రోతు కిషన్ సింగ్ వెంట ఉంటాడు. చివర్లో బర్మా అడవుల్లో ఆకలితో, ఓటమి తరుముతుంటే కిషన్ సింగ్ పారిపోయి దొరుకుతాడు. పారిపోయినవాడికి శిక్ష చావు. కాల్చాల్సింది అర్జునే. స్వాతంత్ర్యం కోసం తిరగబడిన సైన్యంలో కూడా ఆఫీసరు ఆఫీసరే, బంట్రోతు బంట్రోతే. తిరుగుబాటు నిర్ణయం అర్జున్‌ది, దాని ఖరీదు కిషన్ సింగ్‌ది. ఫౌజు గురించి మనకున్న భక్తిని ఒక్క మాట తూలకుండా ఇంత నిదానంగా ప్రశ్నించిన పేజీలు నేను వేరే ఎక్కడా చదవలేదు. అంటే ఈ రచయితకు కింది మనిషిని దగ్గరగా చూపించడం చేతకాక కాదు. సిపాయికి దక్కిన ఆ దగ్గరితనం కోరంగీకి దక్కలేదు.

అయితే అది బెంగాలీ రచయిత మీద వేయాల్సిన బాకీయా? ఆయన బంధువు ఒకాయన బర్మాలో కలప వ్యాపారం చేశారు, నాన్న ఆ యుద్ధంలో సైన్యంలో పనిచేశారు. ఆయన తన ఇంటి వైపు నుంచి చూశారు. మన వైపు నుంచి చూడాల్సింది మనం. ఉత్తరాంధ్రలో రంగం పోయిన మనిషి లేని ఊరు అరుదు. "రంగం డబ్బు"తో లేచిన మేడల పేర్లు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. రంగం పోయి రానివాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి? ఈ ప్రశ్న రాసేటప్పుడు ఊరికే బాగుందని రాశాను. జవాబు మా ఇంట్లోనే ఉందని నాకప్పటికి తెలియదు.

టేకు పెట్టె

దసరాకు వెళ్ళినప్పుడు అత్తయ్య నన్ను పిలిచి టేకు పెట్టె తెరిచింది. రంగం నుంచి వచ్చిన వస్తువులంటూ మా ఇంట్లో ఉన్నవి నాలుగే. ఒక లక్క భరిణె, తాతమ్మ పట్టు లుంగీ ముక్క, బిందెల్లో మిగిలిన ఒక చెంబు. నాలుగోది ఇన్నాళ్ళూ ఎవరూ చూపించలేదు. ఎర్ర గుడ్డ అట్ట వేసిన, పొడవాటి చిట్టా పుస్తకం.

"లెక్క లెక్క అన్నావుగా, చూసుకో" అంది. కోపంగా కాదు. అప్పుడు అర్థమైంది, ఆవిడకు ముందునుంచీ తెలుసు.

నూనె, నాఫ్తలీను ఉండల వాసన. అంచులు నీళ్ళకు తడిసి ఉబ్బి ఆరిపోయాయి. ముత్తాత దస్తూరీ గొలుసుకట్టు, చదవడానికి రెండు రోజులు పట్టింది. పేజీకి ఒక మనిషి. పేరు, ఊరు, బయానా, టికెట్టు, బియ్యం, జమ, బాకీ. ప్రతి పేజీ అడుగున ఒక వేలిముద్ర. బస్తాలు మోసిన బొటనవేళ్ళు కాబోలు, గీతలు అరిగిపోయి కొన్ని ముద్రలు ఉత్త మరకల్లా ఉన్నాయి. కొన్ని పేజీల మీద అడ్డగీత, "బాకీ చెల్లు" అని. కొన్నిటి మీద "పారిపోయాడు". ఒక పేజీ మీద "జ్వరంతో పోయాడు. బాకీ రూ. 11-6-0 తమ్ముడి ఖాతాకు మార్చడమైనది." తర్వాతి పేజీ ఆ తమ్ముడిది.

బిందెలు వదిలేశారు. కుట్టుమిషను ప్రోమ్ దగ్గరే వదిలేశారట. చంటిపిల్లకు, అంటే తాతయ్య చెల్లెలికి, పాలు పట్టే వెండి గిన్నె కూడా కొండల్లోనే ఎవరికో ఇచ్చేశారు. ఈ పుస్తకాన్ని మాత్రం అరకాన్ కొండల మీదుగా మోసుకొచ్చారు. ఎందుకు మోసుకొచ్చారో మొదటి రోజు నాకు తట్టలేదు. కంపెనీ పోయింది, రేవు పోయింది, రంగమే జపాను చేతికి పోయింది, ఈ బాకీలు ఎవరిస్తారు? ఊళ్ళ పేర్లు చదువుతుంటే తట్టింది. అన్నీ మా చుట్టుపక్కల ఊళ్ళే. ఇప్పుడు నేను బైకు మీద తిరిగే ఊళ్ళు. మనుషులు అక్కడున్నా ఇల్లు ఇక్కడే ఉంటుంది కదా.

అత్తయ్య పక్కనే కూర్చుని చదవమంది, నేను చదువుతూ పోయాను. ఆవిడ ఊళ్ళ పేర్ల దగ్గర మాత్రం ఆపేది. "ఆ ఊరా? మన కొబ్బరితోట ఆ ఊరి పొలిమేరలోదే" అని ఒకచోట అని, ఆ మాట తన చెవికే వినపడ్డట్టు ఆగిపోయింది. ఆ తోట 1943లో కొన్నారు. ఎవరి దగ్గర కొన్నారో, కొన్నారో రాయించుకున్నారో, ఆ పుస్తకంలో లేదు. నేనూ అడగలేదు.

ఆఖరి పేజీల్లో సిరా మారింది. రంగంలో వాడిన నల్ల సిరా కాదు, నీలం. అన్నీ 1942 చివర, 1943 మొదట్లో రాసినవి. ఒక పేజీలో మనిషి పేరు, ఊరు పాత సిరాతో ఉన్నాయి, బాకీ రూ. 9-2-0. దాని కింద నీలం సిరాతో "యుద్ధంలో జాడ లేదు." ఇంకా కింద, ఫిబ్రవరి తారీఖు వేసి, "భార్య ద్వారా జమ రూ. 3-8-0."

పక్కన వేలిముద్ర. మిగతావాటికన్నా చిన్నది.